ఆవిరిని నిలిపి నీటిని విడుచు కవాటము

ఆవిరి తనలోని వేడిని ఇచ్చివేసిన వెంటనే మరల నీరగును. కర్మాగారపు గొట్టములలో ఆ నీరు నిలిచిపోయినచో కావలసినచోట వేడి అందదు. అంతియేగాక, వేగముగా వచ్చు ఆవిరి ఆ నీటిని నెట్టుకొనిపోయి గొట్టపు వంపులను సమ్మెటవలె మోదును. గొట్టములు పగులుటయు కలదు. కనుక నీరు పోవలెను, ఆవిరి పోరాదు.

ఈ చిక్కు 1712లో ఇంగ్లండులో తామస్ న్యూకొమెన్ నిర్మించిన యంత్రములోనే కలదు. సిలిండరులోని ఆవిరిపై చన్నీరు చిమ్మి దానిని నీరుగా మార్చెడివారు. ఆ నీరు దిగిపోవుటకు ఒక గొట్టమును, ఆవిరితో చేరిన గాలి పోవుటకు ఒక చిన్న కవాటమును అమర్చిరి. గాలిని వెళ్ళగొట్టనిచో యంత్రము ఆగిపోయెడిది.

పోవు ఆవిరి ఎంత విలువైనదో జోసెఫ్ బ్లాక్ 1760 ప్రాంతమున గ్లాస్గోలో చేసిన గుప్తోష్ణ పరిశోధనల వలన తెలిసినది. ఒక గ్రాము ఆవిరి 100° సెం. వద్ద నీరుగా మారునపుడు సుమారు 540 కెలొరీల వేడి నిచ్చును. ఆ నీరు 0° వరకు చల్లారినను ఇచ్చునది సుమారు 100 కెలొరీలే. కుళాయి తెరచియుంచినచో ఆవిరితోపాటు బొగ్గును పారవేసినట్లే.

అయినచో కవాటము నీటిని ఎట్లు గుర్తించును? 1830లో స్కాట్లండు రసాయనికుడు ఆండ్రూ యూర్ ద్విలోహ ఉష్ణ నియంత్రకమునకు పేటెంటు పొందెను. అతికిన రెండు లోహపు రేకులు వేడికి సమముగా వ్యాకోచింపవు; కనుక పట్టీ వంగును. నేటి ఇస్త్రీ పెట్టెలో పనిచేయునది ఈ సూత్రమే. ఆవిరి తగిలినపుడు పట్టీ వంగి కవాటమును మూయును. చల్లారిన నీరు చేరినపుడు తెరచును. గాలి కలిసిన ఆవిరి శుద్ధమైన ఆవిరి కంటె చల్లగా నుండును. కావున గాలికిని దారి దొరకును.

కాని నీరు మరుగు ఉష్ణోగ్రత స్థిరము కాదు. 1 వాతావరణ పీడనము వద్ద అది 100°, 2 వద్ద సుమారు 120°, 10 వద్ద సుమారు 180°. 170° వద్ద మూసుకొనునట్లు అమర్చిన సాధారణ పట్టీ, 120° ఆవిరిని నీరే యనుకొని విడిచివేయును. 110°కు అమర్చినది 115° నీటిని ఆపివేయును.

దీనికి పరిష్కారమును ద్రవమే చూపినది. నీటికంటె కొన్ని డిగ్రీలు తక్కువలో మరుగు ద్రవమును పలుచని లోహపు తిత్తిలో మూసియుంచిరి. ఆవిరి తగిలినచో లోపలి ద్రవము మరగి, దాని పీడనము బయటి పీడనమును మించును; తిత్తి సాగి కవాటమును మూయును. నీరు కొంత చల్లారగానే అది ముడుచుకొనును. బయటి పీడనము పెరిగినచో లోపలి ద్రవము మరుగు ఉష్ణోగ్రతయు పెరుగును. కావున మరల అమర్చ నక్కరలేదు.

ఇందొక లోపము కలదు: నీరు చల్లారువరకు వేచియుండవలెను. క్షణమైనను నీరు నిలువరాని చోట నేటికిని తేలుడు బంతి గల కవాటమునే వాడుదురు.