గాజుతొట్టిలో సముద్రము – పిలువని అతిథులు

భూపాలపల్లి జిల్లాలోని ఘనపురమునకు పోయినవారికి అక్కడి పెద్ద చెరువు పేరు గణపసముద్రమని తెలియును. కాకతీయ గణపతిదేవుని కాలమున, అనగా 13వ శతాబ్దమున కట్టించిన చెరువు అది. పేరునకు సముద్రమేగాని దానిలోనిది తియ్యని నీరు. అసలు సముద్రము అక్కడికి ఎంతో దూరమున ఉన్నది. మరి జనగామలోనో, మహబూబాబాదులోనో ఉన్న విద్యార్థి సముద్రపు చేపను ప్రాణముతో చూడదలచినచో ఏమి చేయవలెను? సముద్రజలమును కడవలతో మోసుకొని రావలసిన పనిలేదు. ఈ చిక్కును ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854 ప్రాంతముననే విడదీసినాడు.

అంతకు ముందు సంవత్సరము, అనగా 1853లో, లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజలకొరకు గాజుతొట్ల చేపల ఇల్లు తెరచినారు. దానికి కావలసిన సముద్రజీవులను కూర్చినవారిలో గాస్ ముఖ్యుడు. లండను నగరమునకు సముద్రపు నీరు తెప్పించుట ఖర్చుతో కూడిన పని. అందుచేత ఆయన సముద్రజలమును విశ్లేషించినవారి లెక్కలను తీసుకొని, మామూలు ఉప్పు, భేది ఉప్పు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు అను నాలుగింటిని మంచినీటిలో కలిపి కృత్రిమ సముద్రమును తయారు చేసినాడు. ఈ వంటకములో ఉప్పుదే పెద్దపాలు అని వేరుగ చెప్పనక్కరలేదు. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. మన దేశమున ఎడ్గర్ థర్‌స్టన్ పూనికతో మద్రాసు సముద్రతీరమున 1909లో ప్రదర్శనశాల తెరచినప్పుడు ఈ బాధ లేకపోయినది. నీరు వాకిటనే ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది మూతపడినది.

అయితే గాస్ తన ఉప్పునీటిలో వెంటనే జంతువులను వదలలేదు. ముందుగా సముద్రపు నాచుమొక్కలను వేసి, కొన్ని దినములు ఆగినాడు. ఉప్పు కలిపినంత మాత్రమున నీరు సముద్రము కాదు. దానికి జీవము కావలెను. ఈ సంగతిని 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ మరియొక విధముగా లోకమునకు తెలిపినాడు. ఆయన పగడపు దిబ్బలనుండి ప్రాణులు అంటియున్న రాళ్లను తెచ్చి తొట్టిలో పేర్చి, గాలి బుడగలు మాత్రము పంపినాడు. రాతి రంధ్రములలోని సూక్ష్మజీవులు చేపల విసర్జనలోని అమ్మోనియాను మార్చివేయుటచే నీరు చెడలేదు. "సజీవ శిల" అని ఈ రాళ్లకు పేరు వచ్చినది.

చిక్కంతయు ఇక్కడనే మొదలైనది. నీటికి ప్రాణము పోసిన రాయియే దొంగలను కూడ మోసుకొని వచ్చును. దాని బొరియలలో పీతలు, ముళ్ల పురుగులు, కొట్టిన దెబ్బకు గుల్లలు పగులగొట్టగల మాంటిస్ రొయ్యలు, ఒకటి పదిగా పెరుగు సముద్రపుష్పములు దాగియుండును. వీనిలో చాలవరకు హానిలేనివే, కొన్ని పాచిని తిని మేలు చేయునవి కూడ. ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియునప్పటికి సాధారణముగా ఒక చేపకు గాయమై ఉండును.

2009లో ఇంగ్లండులోని న్యూక్వే పట్టణపు బ్లూ రీఫ్ ప్రదర్శనశాలలో జరిగినది ఇట్టిదే. పగడపు కొమ్మలు రాత్రికి రాత్రి తెగిపోవుచుండెను. ఒక టాంగ్ చేప గాయముతో కనిపించినది. కాపలావారు ఎర గాలములు పెట్టినారు. ఉదయమునకు అవి మాయము. చివరకు తొట్టిలోని రాళ్లను ఒక్కొక్కటిగా బయటికి తీయగా, నాలుగడుగుల పొడవున్న రాక్షస పురుగు బయటపడినది. అది పిల్లగా ఉన్నప్పుడు ఏదో రాతిలో దాగి వచ్చి, ఎవరికంటను పడక పెరిగియుండవలెనని వారి నిర్ణయము. దానికి బారీ అని పేరుపెట్టి, వేరొక తొట్టిలో ఉంచినారు. దొంగను పట్టి వానికే ఇల్లు కట్టించినట్లయినది.

ఇక గాయపడిన చేప సంగతి. గాయము మానుటకు మందుకన్న ముందు కావలసినది దాని శరీరధర్మమును తెలిసికొనుట. సముద్రపు చేప రక్తములోని లవణసాంద్రత చుట్టునున్న నీటిలో సుమారు మూడవ వంతు మాత్రమే. అందుచేత ద్రవాభిసరణమువలన చేప దేహమునుండి నీరు ఎడతెగక బయటికి పోవుచుండును. అది సముద్రపు నీటినే త్రాగి, మిగిలిన ఉప్పును మొప్పలద్వారా వెలుపలికి నెట్టుచు బ్రతుకుచున్నది. పొలుసులు ఊడి, జిగురుపొర చిరిగినచోట నీటి నష్టము మరింత హెచ్చును. నీటి నడుమ ఉండియు చేప ఎండిపోవుచున్నదన్నమాట! కనుక దానిని మసకవెలుతురులో వేరొక తొట్టిలో ఉంచి, నీటి ఉప్పదనమును క్రమక్రమముగా కొంత తగ్గించినచో దానికి శ్రమ తగ్గును. చెరువు చేపకు ఇది తలక్రిందులు. దాని రక్తమే చుట్టునున్న నీటికన్న ఉప్పన. గాయముద్వారా నీరు లోపలికి చొచ్చును. అక్కడ కొంచెము ఉప్పు కలుపుట మేలు. ఒకే సూత్రము, రెండు ఎదురు చికిత్సలు. తరగతిలో ద్రవాభిసరణమును బోధించుటకు బంగాళాదుంప ముక్కతో పాటు ఈ ఉదాహరణమును కూడ వాడుకొనవచ్చును.

వేరొక తొట్టి అవసరమగుటకు మరియొక కారణము కలదు. కంటికి కనబడని పరాన్నజీవులు కూడ అతిథులతోనే వచ్చును. 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ ప్రదర్శనశాలకు చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్, మొప్పలకు పట్టు ఊడీనియం అను జీవిని మైలుతుత్తము చంపునని ప్రకటించినాడు. కాని ఆ రాగి విషమే రొయ్యలను, గుల్లలను, పగడములను కూడ చంపును. సున్నపు రాళ్లు దానిని పీల్చుకొనును. చేపకు మందైనది ఇంటికి విషము. కొత్తగా వచ్చిన చేపను కొన్ని వారములు వేరుగా ఉంచిన పిమ్మటనే ప్రధానపు తొట్టిలోనికి చేర్చవలెనను నియమము ఇట్టి అనుభవములనుండి బలపడినది.

గాజుతొట్టిలో వేరుచేయుట సులభము. రేవునే తొట్టిగా భావించినచో ఏమగును? విశాఖపట్టణము రేవు 1933లో ఓడలకు తెరచినారు. 1967లో అక్కడి లోపలి రేవులో ఇంతకుముందు ఎరుగని చిన్న ఆల్చిప్ప ఒకటి కనిపించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన పి. ఎన్. గణపతి, ఎం. వి. లక్ష్మణరావు, వర్గీస్ దానిని పరిశీలించి 1971లో ప్రకటించినారు. వారు వాడిన పేరు కాంజీరియా సల్లీ. నేటి పేరు మైటిలాప్సిస్ సల్లీ. దాని పుట్టినిల్లు కరిబియన్ సముద్రతీరము. రెండుమూడు సెంటీమీటర్లకు మించని ఈ ప్రాణి ఓడల అడుగుభాగమునకు దారములతో అంటుకొని ప్రయాణము చేయును. సముద్రము కన్న ఉప్పగానున్న నీటిలోను, ఇంచుమించు మంచినీటిలోను బ్రతుకగలదు. ఓడ అడుగులపై, స్తంభములపై దట్టముగా పేరుకొని స్థానికప్రాణులకు చోటు లేకుండ చేయును. మన రేవునుండి అది పోలేదు. ఆ తరువాత ముంబయిలో కనిపించినది. ఇటీవల కేరళ అష్టముడి కయ్యలోను, చెన్నై దగ్గర ఎన్నూరు కయ్యలోను వ్యాపించి, అక్కడి గుల్లలు, రొయ్యలు పట్టి బ్రతుకువారి జీవనమును దెబ్బతీసినది.

ఇదే ఆల్చిప్ప 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరమున ఒక పడవల రేవులో కనిపించినది. అచట ఆటుపోట్ల తేడా ఎక్కువ కనుక రేవులకు తలుపులున్నవి. అధికారులు వెంటనే ఆ తలుపులు మూయించి, టన్నులకొలది క్లోరిన్ ద్రావణమును, మైలుతుత్తమును కుమ్మరించినారు. కొన్ని వారములలో ఆల్చిప్ప నిశ్శేషమైనది. దానితోపాటు ఆ నీటిలోని మిగిలిన జీవులు చాలవరకు చచ్చినవి. డెంప్‌స్టర్ తొట్టిలో వేసిన మందే అది. విశాఖ రేవునకు అట్టి తలుపులు లేవు.

తెలంగాణపు చెరువులకు కూడ తలుపులు లేవు. గాజుతొట్టి పాచిని నాకునని కొనిన సక్కరు చేప పెద్దదై, ఇంట ఇమడక, ఎవరో కాలువలో వదలగా, నేడు దక్షిణ అమెరికా చేప తెలుగునాట వలలను చింపుచున్నది. దాని రెక్కముళ్లు జాలరుల చేతులను, తోటి చేపలను గాయపరచును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో కరగియున్న డి.ఎన్.ఎ. జాడనుబట్టి తూర్పుకనుమల జలాశయములలో అనేకచోట్ల ఇది చేరినదని కనుగొన్నారు. గాయమైన చర్మము మరియొక శత్రువునకు ద్వారము. 1988లో ఈశాన్య రాష్ట్రములలో ప్రవేశించి దేశమంతట వ్యాపించిన పుండ్ల వ్యాధి, అఫనోమైసిస్ అను బూజువంటి జీవివలన కలుగునది, అట్టి గాయములగుండా లోపలికి చొరబడును. దానికి సులభముగా లొంగు చేపలలో తెలంగాణ రాష్ట్రపు చేప అయిన కొరమీను ఒకటి.

గాజుతొట్టి పెట్టదలచిన పాఠశాలవారు రెండు సంగతులు తెలిసియుండుట మంచిది. మన దేశమున పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడినవి. తీరమున పగడపు రాయిని ఏరి తెచ్చుట నేరము. రంధ్రములున్న మట్టిపెంకులతోను, సున్నపురాతితోను సూక్ష్మజీవులను పెంచుకొనవచ్చును, ఆలస్యమైనను. రెండవది, చెరువులో వదలబోవు చేపపిల్లలను నూటికి రెండు మూడు పాళ్ల ఉప్పునీటిలో రెండు మూడు నిమిషములు ముంచి తీసినచో ఒంటికి పట్టిన పరాన్నజీవులు చాలవరకు రాలిపోవును. ముంచిన పిదప ఆ బకెట్టు నీటిని చెరువులో గాక, గట్టునకు దూరముగ పొడినేలపై పారబోయవలెను.