అచ్చు గుద్దినట్టు

శంషాబాదులో 2008 మార్చిలో కొత్త విమానాశ్రయం మొదలైన నాటినుండి చాలాకాలం పాటు, చేతిసంచికి కట్టిన చీటీపై భద్రతా సిబ్బంది ముద్ర పడనిదే విమానం ఎక్కనిచ్చేవారు కారు. నేను తెచ్చే ఆ చీటీలను మా మేనకోడలు పోగుచేసుకునేది. 2017 ఏప్రిల్‌లో ఇక్కడితో సహా ఏడు విమానాశ్రయాలలో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. ప్రయాణికులకు ఒక తంటా తప్పింది గాని, తొమ్మిదేళ్ళ పిల్లకు ఆట పోయింది. "అయితే మనమే ముద్రలు చేసుకుందాం మామయ్యా" అంది.

ముద్రల కథ ఎక్కడ మొదలుపెట్టాలి? సింధు నాగరికత ముద్రలు పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. నాకు మచిలీపట్నమే దగ్గరగా తోచింది. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఆ రేవునుండి కలంకారీ అద్దకాలు పారశీకానికీ, ఐరోపాకూ తరలిపోయేవి. ఐరోపావారికి ఆ మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్ళ గోడు వినలేక ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లాండు 1700లోనూ ఇటువంటి అద్దకపు బట్టలపై నిషేధం విధించాయి.

మచిలీపట్నం పక్కనున్న పెడనలో నేటికీ టేకుచెక్కపై పూవులు, లతలు చెక్కి అచ్చులు చేస్తారు. బట్టను ముందుగా కరక్కాయ రసంలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో రోజులతరబడి ఊరవేయగా వచ్చిన ద్రవం, ఆ కరక్కాయ పూత తగలగానే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎర్రబడవలసిన చోట అద్దేది పటిక నీరు. దానికి సొంత రంగు లేదు. బట్టను రంగునిచ్చే వేళ్ళతో కలిపి ఉడికించినప్పుడే ఎరుపు పైకి తేలుతుంది. అంటే అద్దేవాడు కంటికి కనబడని బొమ్మను నమ్మి పని చేయాలి! ఇది చెప్పినప్పుడు పిల్ల కళ్ళు విప్పార్చుకుని విన్నది.

రబ్బరు ముద్ర వయసు చిన్నది. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే విధానానికి గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు అటూఇటూగా ఈ ముద్ర పుట్టింది. మన ఊళ్ళలో అది కచేరీ బల్లమీది వస్తువు, అధికార చిహ్నం. పిల్లలు ముట్టుకుంటే వీపు పగిలేది. "వేలిముద్రగాడు" అన్న తిట్టు కూడా ఆ బల్లదగ్గరే పుట్టి ఉండాలి.

మేము మాత్రం వేలిముద్రలతోనే మొదలుపెట్టాము. పిమ్మట బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు సిద్ధంగా దొరికింది. మూడవ రోజు పెన్సిలు రబ్బరు. కత్తి నేను పట్టాను, గీత తనది. "అ" గీసింది, చెక్కాను, గుద్దింది. కాగితంపై అక్షరం ఎదురుతిరిగి పడింది! బజారులో దొరికే తయారు ముద్రలు నాకు రుచించనిది ఇందుకే. ఆ నివ్వెరపాటు వాటిలో ఉండదు. అద్దం తెచ్చి చూపించాను. కాసేపు అలిగి, ఈసారి సున్న గీసింది. ఎటు తిప్పినా అది సున్నయే కదా అని దాని ధీమా.

మరునాడు, నేను అడగకుండానే, "అ"ను తలకిందులుగా కాదు, కుడియెడమలు మార్చి గీసుకు వచ్చింది. చెక్కి ఇచ్చాను. తన డబ్బాలోంచి పాత విమానపు చీటీ ఒకటి తీసి, వెలిసిపోయిన ముద్ర పక్కన గట్టిగా గుద్దింది.