గడ్డ తీసి, సంచి ఉంచి

సూర్యాపేట నుంచి కోదాడకు పోయే హైవే మీద మధ్యలో మునగాల వస్తుంది. నిజాం కాలంలో చుట్టూ నల్లగొండ జిల్లా పల్లెలే ఉన్నా ఈ పరగణా మాత్రం బ్రిటిషు వాళ్ల కృష్ణా జిల్లాలో ఉండేది. ఇక్కడి జమీందారు నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు చరిత్రకారుడిగా, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి ఆద్యుడిగా మనకు తెలుసు. ఆయన అక్క భండారు అచ్చమాంబ కథలు రాసి, స్త్రీల చరిత్రలు కూర్చి, 1905లో కన్నుమూశారు. మరుసటి ఏడాది పుట్టిన కూతురికి లక్ష్మణరావు అక్క పేరే పెట్టుకున్నారు. ఆ కూతురే డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. మద్రాసులో వైద్యం చదివి, బెజవాడలో ప్రసూతి వైద్యురాలిగా పేరు తెచ్చుకుని, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ప్రసూతి, శిశుపోషణల మీద తెలుగులో పుస్తకం కూడా రాశారు. తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆడమనిషికి తన భాషలోనే తెలియాలన్న పట్టింపు అలా ఈ దారి పక్కనున్న ఊరితో ముడిపడి ఉంది.

ఈ డాక్టర్ అచ్చమాంబ పసిపిల్లగా ఉన్న రోజుల్లోనే లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ బోనీ అనే సర్జన్ స్త్రీల వైద్యంలో పేరు తెచ్చుకుంటున్నాడు. గర్భసంచిలో గడ్డలుంటే గడ్డలు తీయాలి గానీ సంచిని ఎందుకు తీయాలన్నది ఆయన జీవితాంతం పట్టిన పంతం. అప్పటి వైద్యలోకానికి అది ఎదురీత. ఆయన భార్య యానీకి ఈ గడ్డల వల్లే గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ నొప్పి ఆయన పంతానికి ఎంత బలమిచ్చిందో ఆయన చేసిన పనే చెబుతుంది.

ఫైబ్రాయిడ్లంటే గర్భసంచి గోడలోని కండరంలోనే పుట్టి పెరిగే గడ్డలు. మన వైపు స్కానింగ్ చేయించుకుని వచ్చిన ఆడవాళ్లు “సంచిల గడ్డలున్నయన్నరు” అంటారు. ఇవి క్యాన్సర్ కావు. గడ్డ అనుకున్నది క్యాన్సర్‌గా తేలడం చాలా అరుదు. యాభై ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లలో ఎక్కడో ఒక గడ్డ ఉండనే ఉంటుంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. బాధ పెట్టేది గడ్డ సైజు కన్నా అది కూర్చున్న చోటు. సంచి లోపలి పొరలోకి పొడుచుకొస్తే చిన్నదైనా నెలనెలా రక్తం విపరీతంగా పోతుంది. బయటి వైపుంటే ఎంతో పెరిగాక గానీ పొత్తికడుపు బరువు, మాటిమాటికీ మూత్రం వంటివి మొదలు కావు.

గడ్డను మాత్రమే తీసి సంచిని ఉంచడాన్ని మైయోమెక్టమీ అంటారు. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. పొట్ట కోసి గడ్డ తీసి మనిషిని బతికించిన మొదటి ఆపరేషన్ 1844లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో అట్లీ సోదరులు చేశారు. ఈథర్ మత్తు 1846లో గానీ లోకానికి పరిచయం కాలేదు. అంటే ఆ పేరు తెలియని స్త్రీ మెలకువగా ఉండగానే ఆ కత్తిని భరించింది. పొట్ట కోసి గర్భసంచిని తీసేస్తే మనిషి బతికిన మొదటి ఉదంతం ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1853లో నమోదైంది. మొదట గెలిచింది సంచిని ఉంచే ఆపరేషనే. మరి వందేళ్ల పాటు తీసేయడమే మామూలు ఎందుకైంది?

మత్తు వచ్చాక కడుపు కోయడానికి సర్జన్లకు ధైర్యం వచ్చింది. అందులో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. 1888, 1889లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కేంద్రంగా క్లోరోఫామ్ మత్తును పరీక్షించేందుకు నడిపిన క్లోరోఫామ్ కమిషన్లకు నిజాం డబ్బిచ్చారు. అక్కడ చదివి రోగులకు మత్తిచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. నొప్పి సంగతి అలా తీరింది. రక్తం సంగతి మాత్రం తీరలేదు. సంచిని తీసేయాలంటే దానికొచ్చే పెద్ద రక్తనాళాలను కట్టేసి, కోసి, బయటికి తెస్తారు. గడ్డను మాత్రమే తీయాలంటే ఆ నాళాలు పారుతూ ఉండగానే కండరాన్ని చీల్చాలి. ఒక్కో గడ్డ తీసిన గుంతలో రక్తం ఊరుతుంది. రక్తం ఎక్కించే వసతి, యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో అది ప్రాణాలతో చెలగాటం. సర్జన్లు తీసేయడం వైపే మొగ్గారు.

బోనీ గెలిచింది అక్కడే. గర్భసంచి కింది భాగాన్ని రెండు వైపులా పట్టి, రక్తనాళాలను కాసేపు నొక్కి ఉంచే ప్రత్యేకమైన క్లాంప్‌ను ఆయన తయారు చేయించాడు. అండాశయాల వైపు నుంచి వచ్చే నాళాలకు వేరే పట్లు వేశాడు. దాంతో సంచి పాలిపోయి, కోసిన చోట రక్తం తక్కువగా వచ్చేది. ఆ తర్వాత సంచి ముందు గోడ మీద, వీలైతే ఒకే ఒక గాటు. గడ్డ చుట్టూ ఉండే పొర దాకా కత్తి వెళ్లి ఆగుతుంది. అక్కడి నుంచి పని వేలిదే. పొర నుంచి పనసతొనను విడదీసినట్టు గడ్డను వేలితో చుట్టూ విడదీసి లాగేస్తారు. తెల్లగా, గట్టిగా, కోస్తే సుడులు తిరిగిన పోగులతో ఉంటుందది. మొదటి గడ్డ వదిలిన గుంత గోడలోంచే పక్క గడ్డను వెతుకుతారు, అందులోంచి ఇంకోదాన్ని. అసలు ఓపిక ఆ తర్వాత కావాలి. లోపల ఖాళీ మిగలకుండా పొరపొరగా కుట్టాలి. ఖాళీ మిగిలితే రక్తం గూడు కడుతుంది, రేపు కడుపొస్తే ఆ చోటే బలహీనపడుతుంది. ఒక్క సంచి నుంచి 225 గడ్డలు తీసి కూడా బోనీ దాన్ని నిలిపాడని వైద్య చరిత్రలో రాసి ఉంది. ఆయన చేతిలో జరిగిన వందలాది ఆపరేషన్లలో మరణాలు నూటికి ఒకటికి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. 1931లో ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. అవయవాన్ని, దాని పనిని కాపాడి జబ్బును నయం చేయడమే శస్త్రవైద్యానికి ఉన్నతమైన లక్ష్యమనీ, ఆ లెక్కన సంచిని ఉంచడమే పెద్ద విజయమనీ ఆయన వాదన. నాకు అందులో తప్పు పట్టడానికేమీ కనిపించదు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1970ల్లో యోని మార్గం గుండా కెమెరా పంపి లోపలి గడ్డను చెక్కి తీయడం వచ్చింది. ఆ దశకం చివర్లో జర్మనీలో కుర్ట్ సెమ్ పొట్ట మీద చిన్న రంధ్రాలతో పని కానిచ్చాడు. పెద్ద గడ్డను లోపలే ముక్కలు చేసే యంత్రాలొచ్చాయి. దాగి ఉన్న క్యాన్సర్ ఉంటే ఆ ముక్కలతో పాటు చెల్లాచెదురవుతుందని 2014లో అమెరికా ప్రభుత్వం హెచ్చరించాక వాటి వాడకానికి పగ్గాలు పడ్డాయి.

ఈ విద్య అంతా మన దాకా వచ్చింది. కానీ ఎవరికి అందింది? సాగర్ ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ, కోదాడ పొలాలు వరి మయమయ్యాయి. మిర్యాలగూడలో రైసు మిల్లులు బారులు తీరాయి. ఊళ్లు పట్నాలై, వాటిలో నర్సింగ్ హోములు వెలిశాయి, స్కానింగ్ సెంటర్లు వచ్చాయి. నాట్లేసే, కలుపు తీసే ఆడమనిషికి రక్తం ఎక్కువ పోతే ముందు కనిపించేది ఊళ్లోని ఆర్‌ఎంపీ. అక్కడి నుంచి పట్నం, స్కానింగ్, “సంచి తీసేస్తే పీడా పోతుంది” అనే మాట. పిల్లల ఆపరేషన్ అయిపోయింది, ఇంకా సంచి ఎందుకన్న ఆలోచన ఇంట్లోనూ ఉంటుంది. కూలి పోకూడదు, నెలనెలా ఆ బాధ ఉండకూడదు. పైగా క్యాన్సర్ అవుతుందేమోనన్న భయం. ఆ భయాన్ని పోగొట్టాల్సిన చోటే పెంచడం నన్ను అన్నిటికన్నా కలవరపెడుతుంది.

లెక్కలు చూడండి. గర్భసంచి తీయించుకున్నారా అన్న ప్రశ్నను జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో తొలిసారి అడిగింది. 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.3 ఉంటే, తెలంగాణలో 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. దేశంలో తీసేనాటి వయసు సగటున సుమారు ముప్ఫయి నాలుగే. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. అధిక రక్తస్రావం తర్వాత ఎక్కువగా చెప్పిన కారణం గడ్డలు, సిస్టులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలై గ్రామీణ పేదలకు పెద్దాసుపత్రుల తలుపులు తెరిచింది. దాంతో పాటే అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లపై ఆరోపణలూ వెల్లువెత్తాయి. హైదరాబాద్‌లోని లైఫ్-హెచ్‌ఆర్‌జీ అనే సంస్థకు చెందిన వైద్యులు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి ఊళ్లలో ఈ స్త్రీలను కలిసి, సంచితో పాటు అండాశయాలూ పోయినవాళ్లకు ముందే వచ్చి పడే ఎముకల బలహీనత వంటి ఇబ్బందులను లోకం దృష్టికి తెచ్చారు. అంతకు ముందే, 1991లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం ఆడవాళ్ల ఒంటి గురించిన ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పే ప్రయత్నం చేసింది. మునగాల దివాను కూతురు మొదలుపెట్టిన పనికి అది కొనసాగింపే.

సంచి తీయడం ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. క్యాన్సర్ ఉంటే, మందులకూ వేరే పద్ధతులకూ లొంగని రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తే, అన్నీ తెలుసుకున్న స్త్రీ తానే వద్దనుకుంటే, తీయడమే సరైన వైద్యం. గడ్డ మాత్రమే తీస్తే మళ్లీ కొత్తవి రావచ్చు. గోడను లోతుగా కుట్టాల్సి వస్తే తర్వాతి కాన్పు సిజేరియన్ కావచ్చు. రక్తం ముందే పెంచుకోవాలి. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉన్న మాట మరవరాదు. ఇవన్నీ చెప్పి, ఎంచుకునే వీలు ఇవ్వాలన్నదే నా మాట. ఇక పిల్లలు వద్దనుకున్న నలభై ఏళ్ల తల్లికి కూడా ఆ ఎంపిక ఉండాలి.

ఇప్పుడు అందుకు అండ కూడా ఉంది. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, వైద్యుడు నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. సూర్యాపేటలో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బోధనాసుపత్రి అంటే స్త్రీల వైద్య విభాగం, మత్తు డాక్టర్లు, రక్తనిధి ఒక్కచోట ఉండాలి. బోనీకి కావలసినవీ అవే. కాబట్టి నాది ఒక్క డిమాండు: ఈ రెండు జిల్లాల కమిటీలు తీసేసిన సంచుల లెక్కతో ఆగకూడదు. ఎందరిలో గడ్డలు మాత్రమే తీశారు, ఏ వయసు వాళ్లకు, ఏ ఆసుపత్రిలో, ఆపరేషన్‌కు ముందు ఈ ఎంపిక గురించి తెలుగులో చెప్పి సంతకం తీసుకున్నారా అన్నది కూడా ఏటా ప్రకటించాలి.