గ్రామఫోన్ ముందు దొర, ఫోన్ ముందు కోయ పాప

ముందు ఒక పని చేయండి. మీ ఫోన్‌లో "ఖమ్మం", "భద్రాచలం" అని రికార్డ్ చేసి వినండి. ఖ, భ ఒత్తి పలికారా? నేనైతే మామూలుగా మాట్లాడేటప్పుడు "కమ్మం", "బద్రాచలం" అనే అంటాను. ఎవరూ ఏమీ అనరు. అదే కోయగూడెం నుంచి బడికొచ్చిన ఆరేళ్ల పాప అంటే "దీనికి నోరు తిరగదు" అనేస్తాం.

ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టింది 1877లో. తర్వాత గ్రియర్సన్ అనే ఐసీఎస్ అధికారి మన దేశ భాషల సర్వే నడిపాడు. దానికి తోడుగా ప్రభుత్వాలు గ్రామఫోన్ రికార్డులు తీయించాయి. బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథను ఒక్కో భాషలో చెప్పించేవారు. భద్రాచలం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గోదావరికి ఇవతల ఖమ్మం నిజాం ఏలుబడి. 1959లో గానీ రెండూ ఒక జిల్లా కాలేదు.

సరే, ఆ రికార్డులు ఎవరికి వినిపించారనుకున్నారు? ఇండియాకి ఉద్యోగానికి రాబోయే సివిల్ సర్వీస్ కుర్రాళ్లకి! అంటే ఉచ్చారణ దిద్దుకోవాల్సింది దొర. ఇక్కడి మనిషి గొంతే కొలబద్ద. ఇప్పుడు మన బడుల్లో ఆ బరువంతా పిల్లల మీద పడింది.

కోయ భాషకి సొంతంగా ఖ, భ లాంటి ఒత్తు శబ్దాలు లేవు. ఆ మాటకొస్తే అచ్చతెలుగుకీ లేవు, సంస్కృతంతో వచ్చాయి. అందుకే బడిలో సాయం చేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేది ఇదీ: పాపని ముందు కోయలో మాట్లాడించి రికార్డ్ చేయండి. వాళ్లమ్మకి వినిపించండి. ఆమెకి అన్నీ స్పష్టంగా తెలిస్తే నోటిలో లోపం లేదు, తెలుగు కొత్త, అంతే. కోయలో కూడా ఇంట్లోవాళ్లకి అర్థం కాకపోతే అప్పుడు స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి. చిన్న వయసులో ర, ళ తడబడటం మామూలే, కంగారు పడొద్దు.

మాట్లాడుతూ తన మాట తనే పట్టిపట్టి వినడం పిల్లలకి కష్టం. రికార్డ్ చేస్తే తీరిగ్గా వినొచ్చు. రోజుకి రెండు మూడు మాటలు చాలు. టీచర్ గొంతు, పాప గొంతు పక్కపక్కన వినిపించి, తేడా పాపనే చెప్పనివ్వండి. క్లాసందరి ముందూ మాత్రం ప్లే చేయొద్దు, ఆ నవ్వులకి పిల్ల మళ్లీ నోరు విప్పదు. ఫైల్‌కి తేదీ పెట్టి దాచండి, నెల తర్వాత పాత గొంతు వింటే తనకే తెలుస్తుంది.

ఇంకోటి, టీచర్ కూడా రెండు కోయ మాటలు రికార్డ్ చేయాలి. దిద్దేది పాప.