ఇస్నోఫీలియా కథ

తెలుగువారి యిండ్లలో ‘ఇస్నోఫీలియా’ అను మాట వినని వారు అరుదు. అర్ధరాత్రి దగ్గు తెరలు తెరలుగా వచ్చి, పిల్లికూతలతో ఊపిరి సలుపకున్నచో, రక్తపరీక్ష చేయించుమని ఇరుగుపొరుగువారే చెప్పుదురు. ఇంతగా మన నోట నలిగిన యీ మాట వెనుక నూఱేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. అందొక ముఖ్యఘట్టము మన రాయలసీమ గడ్డపైననే జరిగినది.

1879వ సంవత్సరము. జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ అను యువ వైద్యుడు గాజుపలకపై రక్తపు చుక్కను ఆరబెట్టి, రంగులద్ది, సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. కొన్ని తెల్లకణములలోని రేణువులు ఈయోసిన్ అను ఎఱ్ఱని రంగును ఆత్రముగా పీల్చుకొనినవి. ఆ రంగునందు ప్రీతి గల కణములు గనుక వానికి ‘ఈసినోఫిల్’ కణములని పేరు పెట్టెను. అవి ఆ రంగును ఏల పట్టుకొనునో, శరీరమునకు వానితో పనియేమో ఆనాడు ఎవరికిని తెలియదు. ఉబ్బస రోగుల కఫములో అవి గుంపులుగా నుండుటను మాత్రము ఆ శతాబ్దము ముగియక మునుపే వైద్యులు గమనించిరి.

ఇక మన మదనపల్లెకు వత్తము. ఆ యూరి చెంత ఆరోగ్యవరములో ప్రసిద్ధమైన క్షయ చికిత్సాలయము ఉండెడిది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అచ్చట పెక్కేండ్లు సేవచేసెను. క్షయ యని వచ్చిన రోగులలో కొందఱి తీరు ఆయనకు వింతగా తోచినది. జ్వరము, దగ్గు, బరువు తగ్గుట, ఎక్స్‌రే పటములో మచ్చలు, అన్నియు క్షయనే పోలియున్నవి. కఫములో మాత్రము క్షయక్రిములు లేవు. రక్తము చూడగా ఈసినోఫిల్ కణములు మితిమీరి యున్నవి. ఆయనయు డాక్టరు బార్టనును కలిసి 1940లో ఈ విషయమును ఒక వైద్యపత్రికలో ప్రకటించి, దీనిని క్షయను పోలిన వేఱొక వ్యాధిగా వర్ణించిరి.

ఈ భేదము తెలియుట ఎంత మేలో నేటివారికి ఊహకందదు. స్ట్రెప్టోమైసిన్ ఇంకను పుట్టని కాలమది. క్షయ యనగానే కంచము వేఱు, పడక వేఱు, కుదిరిన పెండ్లి కూడ తప్పిపోవుట సామాన్యము. నీకున్నది క్షయ కాదనుట రోగికి పునర్జన్మమే. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు ఈ వ్యాధికి ‘ఉష్ణమండల ఈసినోఫీలియా’ యని నామకరణము చేసి, పాషాణముతో చేసిన యింజెక్షనులు దీనికి గుణమిచ్చుచున్నవని తెలిపెను.

కారణమేమి? దీనికి సమాధానము ఒక మందు సూచించినది. భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వము వహించుచున్న కాలమున, 1947లో, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు వెలువడినది. బోదక్రిములను చంపు ఆ మందే యీ దగ్గును గూడ మాన్పుచుండెను. అట్లయిన మూలము ఆ క్రిమియేనా? 1960లో వెల్లూరు వైద్యకళాశాల వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ అనువారు రోగుల ఊపిరితిత్తులలోనే సూక్ష్మమైన బోదక్రిమి పిల్లలను కనుగొని సందేహము తీర్చిరి. దోమకాటుతో వచ్చిన క్రిమి రక్తములో కానరాక ఊపిరితిత్తులలో చిక్కుకొనగా, శరీరము దానిపై చేయు ప్రచండమైన తిరుగుబాటే ఈ వ్యాధి.

ఆ తిరుగుబాటునకు ఆయుధములెవ్వి? అవి మాంసకృత్తులే. 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులును, 1967లో స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్‌లును, సరిపడని వస్తువులను గుర్తుపట్టు ఇమ్యూనోగ్లోబులిన్-ఇ అను మాంసకృత్తును వేర్వేరుగా కనుగొనిరి. ఉష్ణమండల ఈసినోఫీలియా రోగుల రక్తములో ఇది విపరీతముగా నుండును. 1973లో అమెరికా దేశపు మేయో ఆస్పత్రిలో గ్లైక్ అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు ఈసినోఫిల్ రేణువులలోని ప్రధానమైన మాంసకృత్తును వేఱుచేసిరి. అది తీవ్రమైన క్షారగుణము గలది. ఆమ్లగుణము గల ఈయోసిన్ రంగును ఆ రేణువులు పట్టుకొనుటకు కారణమదియే. ఎర్లిక్ నాటి ప్రశ్నకు సుమారు నూఱేండ్లకు ఉత్తరము లభించినది.

ఆ మాంసకృత్తు క్రిమిపిల్లలను చంపగలదు. శత్రువుపై విసరిన నిప్పు మన యింటి కప్పునే అంటుకొనినట్లు, శ్వాసనాళపు లోపలిపొరను గూడ అది దహించును. 1982లో ఉబ్బసముతో మరణించినవారి ఊపిరితిత్తులను పరీక్షింపగా, పొర చెడినచోట్ల ఈ మాంసకృత్తే కానవచ్చినది. ఈ కణములను పెంచి పోషించునది ఇంటర్‌ల్యూకిన్-5 అను మఱొక మాంసకృత్తు. దానిని అడ్డగించు మందునకు, తీవ్రమైన ఉబ్బసమున వాడుటకై, 2015లో అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగినది.

ఒక్క మాట మఱువరాదు. ఇస్నోఫీలియా యనునది ఒక గుర్తు మాత్రమే. ధూళి సరిపడకపోయినను, కడుపులో నులిపురుగులున్నను, కొన్ని మందులు పడకున్నను ఆ కణములు పెరుగును. బోదక్రిమి వలన వచ్చినది సకాలమున మందు వాడిన కుదురును. అశ్రద్ధచేసిన ఊపిరితిత్తులు గట్టిపడి తిరిగి బాగుపడవు. ఆరోగ్యవరపు వైద్యులు క్షయ యను పేరుతో తృప్తిపడక రక్తపు చుక్కను మఱల చూచిరి. మనమును దగ్గునకు ఇంటిలోనే పేరు పెట్టి ఊరకుండక, వైద్యునిచే మూలము నెఱిగించుకొనుట మేలు.