పాత పుస్తకములు, పల్లె పెద్దలు



మాది ముడిమ్యాల. చేవెళ్ల ప్రాంతమున నున్న గ్రామము. ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచినది కావ్యములను గూర్చి కాదు, నవలలను గూర్చియు కాదు. చరిత్ర, వర్తకము, సేద్యము, నేల, నీరు, ఆచారవ్యవహారములు మొదలగు వానిని గూర్చి తెలుగున వెలువడిన గ్రంథములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని వచ్చితిని. ఆ గ్రంథములు పుట్టిన విధమును, కొన్ని మరల మరల అచ్చుపడి నిలిచిన విధమును చెప్పి, నిలిచినవి సైతము మన యిండ్లలోనే యెట్లు మూగవోవుచున్నవో కూడ విన్నవించెదను.

మొదట నా తప్పు నొప్పుకొందును. సుమారు ముప్పది యేండ్ల క్రిందట మా పాత పెంకుటిల్లు విప్పించి మిద్దె కట్టించితిని. అటుకమీద మా తండ్రిగారి పుస్తకముల సందుక యుండెను. చెదలు పట్టినవని తలచి, విప్పియైన చూడక, పాత యినుముతోపాటు తూకమున కిచ్చివేసితిని. మా తండ్రిగారు పెద్దగా చదువుకొన్నవారు కారు. బడిలో వారికి చెప్పినది ఉరుదూ. తెలుగు అక్షరములను ఇంట దిద్ది, పుస్తకములను చేరబిలిచి చదువుకొనిరి. అట్టివారు రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న పుస్తకములను నేను శేరుల లెక్కన అమ్మితిని. సందుక వెనుక గోడసందున జారిపడిన పుస్తకము లొకటి రెండు మాత్రము మిగిలెను. వానిలో నొకటి సేద్యమును గూర్చినది. ముఖపత్రము చిరిగిపోయినందున దాని పేరుగాని గ్రంథకర్త పేరుగాని తెలియదు.

మూడేండ్ల క్రిందట మా మనుమడు సెలవులకు వచ్చి ఆ పుస్తకమును తిరగవేయుచు, "తాతా, బాయికాడికి ఏనుగు ఎందుకొచ్చింది?" అని యడిగెను. నాకు బోధపడలేదు. పుట తీసి చూపెను. మోటను వర్ణించుచు, తొండమునుండి నీరు కాలువలో పడునని గ్రంథకర్త వ్రాసినాడు. బాలుడు తొండమనగా ఏనుగు తొండమే యనుకొనెను. వానిని నిందించి యేమి లాభము? మోటను వాడు చూడలేదు. మోటబొక్కెన అడుగున కుట్టిన తోలుగొట్టమునకు మన రైతులు తొండమని పేరు పెట్టిరి. ఎద్దులు వాలుబాటను దిగునప్పుడు మోకు బొక్కెనను పైకి లాగును. సన్నని రెండవ త్రాడు తొండము మూతిని పైకెత్తి పట్టి యుంచును. ఒడ్డునకు రాగానే తొండము వాలి నీరు తొట్టిలోనికి దూకును. నిఘంటువు విప్పి చూచిన బాలునకు మొదట దొరకునది ఏనుగే.

అక్షరము నిలిచియు అర్థము పోవుట యెట్టిదో నాకు ఆ దినమున తెలిసెను.

ఇక పూర్వవృత్తాంతము చెప్పెదను. నిజాము రాజ్యమున తెలుగువారు అధికసంఖ్యాకులు. అయినను కచ్చేరి భాష ఉరుదూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము బోధన ఉరుదూలోనే జరిగెను. అట్టి రాజధానిలో 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. రావిచెట్టు రంగారావుగారు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మొదలగువారు దానికి ప్రాపులు. చదువుటకు చోటు దొరకెను. చదువుటకు పుస్తకములేవి? కావ్యములు, శతకములు, పురాణములు కలవు. దేశచరిత్ర యేది? రసాయనశాస్త్ర మేది? ధనమెట్లు పుట్టునో, ఎట్లు పంపిణీయగునో చెప్పు పుస్తక మేది?

ఈ లోటును తీర్చుటకే 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టెను. లక్ష్మణరావుగారు సంపాదకులు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, రంగారావుగారు తోడునిలిచిరి. గాడిచర్లవారు వ్రాసిన అబ్రహాం లింకను చరిత్ర ఆ మండలి తొలి ప్రచురణము. బానిసల విడిపించిన అమెరికా దేశాధ్యక్షుని కథను తొలిపుస్తకముగా నెన్నుకొనుటలోనే వారి హృదయము తెలియుచున్నది. తరువాత హిందూమహాయుగము, మహమ్మదీయమహాయుగము, జీవశాస్త్రము, పదార్థవిజ్ఞానశాస్త్రము మున్నగునవి వరుసగా వచ్చెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో వెలువడెను. కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రమును గూడ ఈ మండలియే ప్రకటించెను. అంగడిలో ధర యేల పెరుగును, కూలి యేల తరుగును అను ప్రశ్నలకు తెలుగున శాస్త్రరీతిని ఉత్తరము చెప్పుట ఆనాటికి సాహసమే. మండలి కొద్దికాలమునకే మదరాసునకు తరలిపోయెను. పుట్టినిల్లు మాత్రము మనదే.

లక్ష్మణరావుగారు 1923లో స్వర్గస్థులైరి. ఆంధ్ర విజ్ఞానసర్వస్వము అనెడి మహాగ్రంథమును తలపెట్టి, మూడు సంపుటములు వెలువరించి, అకారమైనను దాటకుండగనే కన్నుమూసిరి. వారి పేర హైదరాబాదున వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలివారు ఊరూర తిరిగి శాసనములకు ప్రతులెత్తి తెలంగాణ శాసనములను ప్రకటించిరి. ఆ దినములలో సభ జరుపవలెనన్నను సర్కారు అనుమతి కావలసియుండెను. మన మొయినాబాదు చెంగట పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వెంకటరంగారెడ్డిగారు 1936లో షాద్‌నగరమున జరిగిన అయిదవ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిరి. వారి పేరే 1978లో మన జిల్లాకు వచ్చినది. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల మూటను తామే మోసికొని యూరూర తిరిగి యమ్మిరి. మా తండ్రిగారి వంటివారి చేతికి పుస్తకము వచ్చుటకు ఇట్టివారి కాలినడకయే కారణము.

ఇంతకంటె పాతదియైన యొక పుస్తకమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. అది యేనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మదరాసు సుప్రీముకోర్టున దుబాసి. 1830వ సంవత్సరము మే 18వ తేదీన బయలుదేరి, కాశీ, గయ, కలకత్తాలు చూచుకొని, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. రైలు లేని కాలము. పల్లకీ బోయీలతో, సామాను మోయు కావటివాండ్రతో, పరివారముతో సాగిన ప్రయాణము. ఆయన మన చేవెళ్ల దిక్కునకు రాలేదు. కృష్ణ దాటి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరి, అచ్చటినుండి నాగపూరు త్రోవ పట్టెను. దారిలో నే మజిలీలో నీరు మంచిది, ఏ నేలలో ఏ పైరు పండును, ఏ యూర వస్తువులు దొరకును, ఎచ్చట సుంకము వసూలు చేయుదురు, ఎచ్చట దొంగల భయము గలదు అని దినదినమును వ్రాసి పెట్టెను. ఆయన తీర్థయాత్రకు పోయెను గాని, నాకు ఆ పుస్తకము వర్తకునికిని రైతునకును పనికివచ్చు గ్రంథముగ కనబడుచున్నది. పండితుల భాష గాక, వాడుకకు దగ్గరగా నున్న తెలుగు వ్రాయుట మరియొక మేలు.

ఆయన 1836లో గతించెను. మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో అచ్చువేయించిరి. 1869లో రెండవ కూర్పు వచ్చెను. తరువాత డెబ్బది సంవత్సరములకు పైగా మరల అచ్చులేదు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు మూడవ కూర్పును సిద్ధపరచి ప్రకటించిరి. వారు చేసిన పని పాత పుటలను మరల అచ్చొత్తించుట మాత్రమే కాదు. వీరాస్వామయ్యగారి జీవితమును విచారించి వ్రాసిరి. ఆ కాలపు పరిస్థితులను పీఠికలో వివరించిరి. చదువరికి సందేహము వచ్చు చోట్ల వివరణము లిచ్చిరి. పునర్ముద్రణ మనగా నిట్లుండవలెను.

ఈ కాలమున పాత పుస్తకములను మరల అచ్చువేయుట విరివియైనది. సంతోషమే. అయితే నా చేతికి వచ్చిన కొన్ని ప్రతులలో మొదటి ముద్రణ సంవత్సరము లేదు, గ్రంథకర్త పీఠిక లేదు, పదసూచి లేదు. అట్ట మాత్రము నిగనిగలాడుచున్నది. వానికంటె చిరిగిన పాత ప్రతియే మేలని నాకు తోచును. ఇప్పుడు వేలకొలది పాత గ్రంథముల పుటలకు ఛాయాచిత్రములు తీసి అంతర్జాలమున నుంచినారు. మనుమలు సెల్లుఫోనునందే చూపెదరు. నేను తూకమున కమ్మిన పుస్తకములలో రెంటిని మా మనుమడు అట్లే వెదకి చూపెను. నాకు కన్నులు చెమర్చినవి. అయినను మా తండ్రిగారి పెన్సిలుగీతలు అందు లేవు గదా.

ఇక సురవరం ప్రతాపరెడ్డిగారి మాట. వారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, వాదమునకు దిగక, పత్రికాముఖమున గ్రామగ్రామమునకు ప్రకటన చేసి, వచ్చిన పద్యములను కూర్చి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. ఆ పుస్తకమును వ్రాసినది పల్లెలే యనవచ్చును. 1949లో వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చెను. అందు రాజుల యుద్ధములకు పెద్దపీట లేదు. జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వర్తకము చేసిరి, ఏ దేవతలను కొలిచిరి, నీటికి నేమి యేర్పాటు చేసికొనిరి అనునదే విషయము. ఆధారములు పాత కావ్యములు, శాసనములు, సామెతలు. ప్రతాపరెడ్డిగారు 1953లో కీర్తిశేషులైరి. రెండేండ్లకు, 1955లో, కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగున తొలి బహుమానమును ఆ గ్రంథమునకే ఇచ్చెను. అది నేటికిని అచ్చుపడుచునే యున్నది.

ఆ గ్రంథమును చదువునప్పుడు నన్ను ఆపివేసినది యొకటి గలదు. కావ్యమున నొక యాట పేరో, పనిముట్టు పేరో వచ్చును. నిఘంటువు చూచిన క్రీడావిశేషమనియో, వస్తువిశేషమనియో వ్రాసి యూరకుండును. ప్రతాపరెడ్డిగారు ఇట్టి చోట్ల తమకు తెలియనిదానిని తెలియదని నిస్సంకోచముగా చెప్పిరి. ఎంతటి విద్వాంసునకైనను, పల్లెలో ఆ పనిముట్టు పట్టిన చేయి చెప్పిననే గాని తెలియని మాటలు కలవు. నిఘంటుకారునకు విశేషమైనది మన గొల్లవానికి, కుమ్మరికి, నీరటికి దినచర్య.

సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అను కొలతలు ఊరూరికి కొంచెము కొంచెముగా మారుచుండెను. 1958 నుండి దశాంశపు తూనికలు వచ్చినవి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమని లెక్క తెలిసినవారు ఇప్పుడెందరున్నారు? పాత పుస్తకములో వడ్ల ధర కనబడినప్పుడు అది ఏ రూపాయియో, ఏ కుంచమో తెలియనిచో ఆ యంకె వట్టి గీత. నేలల సంగతియు నంతే. చెలక, రేగడి, గరప, చౌడు, దుబ్బ యని మన ముత్తాతలు పాదముతో త్రొక్కి చెప్పిరి. ఇప్పుడు మన పొలములు ప్లాట్లుగా విడిపోవుచున్నవి. అందు నేలకు పేరుండదు, నంబరుండును. చెరువునకు తూము, అలుగు, శిఖము ఎచ్చట నున్నవో తెలియక శిఖమున ఇండ్లు కట్టి, వాన వచ్చినప్పుడు ఆశ్చర్యపడువారిని చూచుచునే యున్నాము. మూసీ పొంగి హైదరాబాదును ముంచినది 1908 సెప్టెంబరు 28న. పిమ్మట గండిపేట చెరువు 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను కట్టబడెను. ఆ రెంటికిని నీరు వచ్చునది మన దిక్కునుండియే. మన వాగులకును కుంటలకును పేర్లున్నవి. ఆ పేర్లు ఏ పుస్తకమునను లేవు.

మనుమని ప్రశ్న విన్న మరునాడు నేను ఆ సేద్యపు పుస్తకము చంకన పెట్టుకొని మా వాడకట్టులోని యొక పెద్దమనిషి యింటికి పోతిని. వారికి తొంబది దాటినవి. యౌవనమున ఇరువది యేండ్లు మోటగొట్టినవారు. చదువు రాదు. నేను "పెదనాయనా, ఈ మాటకు అర్థమేమి?" అని యొక్కొక్కటి చదివి వినిపించుచుంటిని. వారు నవ్వి, "గది గూడ ఎర్కలేదా బిడ్డా? పుస్తకాలు సదివినోనివి గదా" యని, అరుగుమీదనే చేతులతో గీచి చూపుచుండిరి. నేను పుట అంచున పెన్సిలుతో వ్రాసికొంటిని. ఒక్కొక్క మాటకు ముగ్గురు ఎద్దులవారి కథలు, ఒక కరవు, ఒక తగవు వచ్చుచుండెను. తొందరపడిన లాభము లేదు. వారమునకు రెండు దినములు కూర్చుంటిమి. అట్లు ముప్పదియెనిమిది మాటలకు అర్థము దొరకెను. గ్రంథకర్త పొరబడినచోటు నొకదానిని కూడ ఆయన పట్టుకొనిరి.

కార్తికమాసమున వారు పోయిరి.

పుస్తకమున ఇంకను పదునాలుగు మాటల క్రింద గీతలున్నవి. వాని కెదురుగా అంచున ఏమియు లేదు. అందు తొమ్మిది మగ్గమును గూర్చినవి. ప్రక్క యూర పూర్వము నేత నేసిన ముసలమ్మ యొకరు ఉన్నారని విని, వచ్చు బుధవారము పోవుటకు కబురంపితిని. మా మనుమడు కూడ వచ్చెదనన్నాడు. ఈమారు పెన్సిలు వానిచేతి కిచ్చెదను.