తిరుగని డిస్కు కథ

పాఠశాలలోని కంప్యూటరు గదిలో పదియేండ్ల నాటి యంత్రమొకటి యున్నదనుకొనుడు. మీట నొక్కిన తరువాత తెర సిద్ధమగుటకు నాలుగైదు నిమిషములు పట్టును. లోపలినుండి కిర్రుమను సన్నని చప్పుడు వినవచ్చుచుండును. యంత్రము ముసలిదైనదనియు, దానిని మార్చవలసినదే ననియు మన మనుకొందుము. కాని ఆలస్యమునకు కారణము చాలవరకు లెక్కలు చేయు భాగము కాదు. ఆ చప్పుడు చేయుచున్న డిస్కు. దాని స్థానమున చవుకరకపు ఎస్.ఎస్.డి. నొకదానిని అమర్చినచో అదే యంత్రము మరికొన్నేండ్లు పనికివచ్చును. అయితే కొనునప్పుడు ఏమి చూడవలెను? దీనికి జవాబు ఆ పరికరము పుట్టిన తీరులోనే యున్నది.

1956లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ మొదటి డిస్కు యంత్రమును అమ్మకమునకు పెట్టినది. రెండడుగుల వెడల్పుగల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1,200 సార్లు తిరుగుచుండెడివి. దానిలో పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే. ఆ పిమ్మట డిస్కులు అరచేతిలో ఇమిడినవి, వాని సామర్థ్యము లక్షల రెట్లు పెరిగినది. పని జరుగు పద్ధతి మాత్రము మారలేదు. చదువు ముల్లు తగిన వలయమునకు జరుగవలెను, కావలసిన చోటు తిరిగి ముల్లు క్రిందికి రావలెను. నిమిషమునకు 5,400 సార్లు తిరుగు డిస్కు ఒక చుట్టు తిరుగుటకు 11 మిల్లీసెకండ్లు పట్టును. ముల్లు జరుగు కాలమును కూడ కలిపినచో, చెదరియున్న సమాచారమును సెకనుకు నూరుసార్లు కూడ అందుకొనలేదు. కంప్యూటరు మేల్కొనునప్పుడు చదువవలసిన చిన్న చిన్న ముక్కలు వేలకొలది యుండును. ఆలస్యమంతయు ఇందుననే కలుగుచున్నది.

తిరుగు భాగములు లేని జ్ఞాపకమునకు మార్గము చూపినవారు బెల్ ప్రయోగశాలలోని డావన్ కాంగ్, సైమన్ జీ. పొరలుపొరలుగానున్న చీజ్ కేకును తినుచుండగా తమకీ ఊహ తట్టినదని జీ తరువాత చెప్పెను. 1967లో వారు ప్రకటించిన ట్రాన్సిస్టరులో ఏ తీగతోను సంబంధములేని ఒక పొర కలదు. దానిచుట్టును విద్యుత్తును పోనీయని పదార్థముండును. ఎక్కువ వోల్టేజితో ఆ పొరలోనికి నెట్టిన ఎలక్ట్రానులు, విద్యుత్తు ఆపిన తరువాత కూడ అందే నిలిచియుండును.

జపానులో తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫుజియో మసువోకా 1984లో, ఇట్టి కణములను పెద్ద గుంపులుగా ఒక్కసారి తుడిచివేయు జ్ఞాపకమును వెల్లడించెను. ఆ తుడుపు కెమెరా మెరుపును తలపించుటచే దానికి 'ఫ్లాష్' అని పేరు వచ్చినది. 1987లో ఆయన బృందము వెల్లడించిన 'నాండ్' రకము నేటి ఎస్.ఎస్.డి.లకు మూలము. 1991లో సన్‌డిస్క్ సంస్థ 20 మెగాబైట్ల పరికరమును ఇంచుమించు 1,000 డాలర్లకు ఐ.బి.యం.కు ఇచ్చినది. ఆ సంస్థ స్థాపకులలో కాన్పూరులో జన్మించిన సంజయ్ మెహ్రోత్రా ఒకరు. ఆ లెక్కన నేడు సామాన్యముగా దొరకు 240 గిగాబైట్ల పరికరమునకు కోటీ ఇరువది లక్షల డాలర్లు కావలెను!

ధర ఇంతగా ఎట్లు తగ్గినది? కణములను చిన్నవిచేసి, ఒకదానిపై నొకటి పేర్చుట ఒక కారణము. ఒక్కొక్క కణములో ఎక్కువ బిట్లను ఇముడ్చుట మరియొకటి. ఒక బిట్టుకు కణము నిండియున్నదా, ఖాళీయా యని చూచిన చాలును. మూడు బిట్లకు 8 మట్టములను, నాలుగు బిట్లకు 16 మట్టములను గుర్తింపవలెను. ఒకే కుండకు లోపల పదునారు గీతలు గీసి, నీరు ఏ గీత వద్ద నున్నదో చెప్పుటవంటిది ఈ పని. అందుచే వ్రాత నెమ్మదించును, ఆయుర్దాయము తగ్గును. ఒక బిట్టు కణమును సుమారు లక్షసార్లు తుడిచి వ్రాయవచ్చును. మూడు బిట్ల కణమునకు ఇది కొన్ని వేలకు మించదు. నాలుగు బిట్లదానికి ఇంకను తక్కువ.

ఇక అట్టపెట్టెపై అచ్చువేసిన వేగమును చూతము. సెకనుకు 500 మెగాబైట్లని యుండును. పాత యంత్రములలో చాలవానియందు రెండవతరపు సాటా మార్గముండును. అది 300కు మించి పోనీయదు. దీనికి విచారింప నక్కరలేదు. మనకు కావలసినది చెదరిన ముక్కలను అందుకొను చురుకుదనము, చవుక ఎస్.ఎస్.డి. కూడ ఒక్క ముక్కను మిల్లీసెకనులో చిన్న భాగములోనే అందించును.

లోపము బయటపడునది వ్రాతలో. చవుక పరికరములు తమ కణములలో కొన్నింటిని ఒక బిట్టు పద్ధతిలో వాడి వేగమును చూపును. ఆ చోటు నిండగానే వేగము పడిపోవును. ఒక్కొక్కప్పుడు పాత డిస్కుకన్న తక్కువగును. కొన్న వెంటనే, దానిలో ఇంకను ఏమియు దాచకమునుపే, ఇరువది ముప్పది గిగాబైట్ల ఫైలు నొకదానిని దానిలోనికి నకలుచేసి వేగమును గమనించుట మంచి పరీక్ష. పిమ్మట పరికరమును పూర్తిగా నింపి తిరిగి చదివి సరిచూడవలెను. ఏలయన, లోపల కొద్దిపాటి జ్ఞాపకము మాత్రముండి, పెద్ద సంఖ్య చూపు నకిలీ సరుకు బజారులో కలదు. అట్టి దానిలో పదవతరగతి మార్కులను దాచిన ఉపాధ్యాయుని గతి ఊహింపుడు. మొత్తముమీద ఎన్ని టెరాబైట్లు వ్రాయవచ్చునో తయారీదారు ప్రకటించినాడా యనునదియు చూడదగినది. ఆ సంఖ్య లేని పరికరమును నేనైతే కొనను.

మరియొక సంగతి. పొరలో చిక్కిన ఎలక్ట్రానులు కాలక్రమమున జారిపోవును. ప్రకటించిన వ్రాత పరిమితి ముగిసిన తరువాత, విద్యుత్తు లేక 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరము సమాచారము నిలిచిన చాలునని 2010లో ఏర్పడిన ప్రమాణము చెప్పుచున్నది. మన వేసవిలో మూసిన గది అంతకు మించి కాగును. కనుక యంత్రమునుండి తీసిన పాత డిస్కు ఇంకను చెడియుండనిచో పారవేయకుడు. రెండవ ప్రతిని వ్రాసి బీరువాలో నుంచుటకు అదియే మేలు.